టికెట్‌లో 12 గంటలు, ఇంటి గడియారంలో 36: హైదరాబాద్–డల్లాస్ ప్రయాణం లెక్క కట్టడం ఎలా

మా అమ్మ మొదటిసారి డల్లాస్ వెళ్లేటప్పుడు టికెట్ ప్రింటు తీసి చేతికిచ్చాను. కళ్లజోడు సర్దుకుని చూసింది. హైదరాబాద్‌లో బయల్దేరేది 4.20, డల్లాస్‌లో దిగేది 16.30. తేదీ కూడా ఒకటే. వేళ్ల మీద లెక్కపెట్టి, "పన్నెండు గంటలే కదరా, హైదరాబాద్ నుంచి తిరుపతి బస్సుక్కూడా ఇంతే పడుతుంది" అంది. తీరా చూస్తే, విజయవాడలో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో తమ్ముడి ఇంట్లో మంచినీళ్లు తాగేదాకా ఆవిడకి పట్టింది దాదాపు 36 గంటలు.

నెట్‌లో వెతికితే ఇంకో లెక్క కనిపిస్తుంది. హైదరాబాద్–డల్లాస్ దూరం 14,400 కిలోమీటర్లు, ప్రయాణం 17 గంటలు అని. దూరం నిజమే. ఆ 17 గంటలు మాత్రం లేని విమానానికి వేసిన లెక్క. ఇది రాసే సమయానికి ఈ రెండు ఊళ్ల మధ్య మధ్యలో ఆగకుండా పోయే విమానం లేదు. కాబట్టి పెద్దవాళ్లని పంపుతున్నా, మీరే పిల్లలతో వెళ్తున్నా, టికెట్ కొనే ముందే ఒక తెల్ల కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి. పావుగంట పని.

ముందు దూరం

గోడకు తగిలించే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలవకండి. ఆ పటంలో ఉత్తరానికి పోయేకొద్దీ దేశాలు సాగి కనిపిస్తాయి, గీత తప్పుతుంది. పిల్లల స్కూలు గ్లోబు ఉంటే దింపండి. పూలు కట్టే దారం ఒకటి తీసుకుని, ఒక కొస హైదరాబాద్ మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొస డల్లాస్ దాకా బిగించి లాగండి. దారం అరేబియా సముద్రం మీదుగా పోతుందనుకుంటాం. పోదు. నేరుగా ఉత్తరానికి ఎక్కి, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, అవతలి పక్క కెనడా మీదుగా కిందికి దిగుతుంది. కారణం తేలికే. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175. భూగోళానికి ఒకటి ఈ వైపు, ఒకటి సరిగ్గా ఆ వైపు అన్నట్టే. మా అమ్మాయి గ్లోబు వ్యాసం 20 సెంటీమీటర్లు. దాని మీద ఒక సెంటీమీటరుకి దాదాపు 637 కిలోమీటర్లు. దారం 22న్నర సెంటీమీటర్లు వచ్చింది. గుణించి చూడండి, 14,300 పైచిలుకు. పూల దారంతో ఇంత దగ్గరికి వచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది.

గ్లోబు లేకపోతే గూగుల్ ఎర్త్‌లో కొలిచే స్కేలు ఉంటుంది, అదీ గుండ్రటి భూమి మీదే కొలుస్తుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్లో రెండు ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు కొట్టినా చాలు.

మన ఊళ్ల మధ్య అయితే ఇంతకూడా అక్కర్లేదు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే 111 కిలోమీటర్లు. మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం 106 దాకా ఉంటుంది. శంషాబాద్ 78.4, విశాఖ 83.2. తేడా 4.8 డిగ్రీలు. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి 4.8ని 106తో గుణిస్తే 509 కిలోమీటర్లు. రోడ్డు మీద అదే దూరం 600 దాటుతుంది, విజయవాడ మీదుగా పోయే రైలు దారిలో దాదాపు 700.

ఇప్పుడు మీరు నిజంగా ఎగిరే దూరం

డల్లాస్‌కి మనవాళ్లు ఎక్కువగా పోయేది దుబాయ్ మీదుగానో, దోహా మీదుగానో, లండన్ మీదుగానో. ఒక్కో ముక్క దూరం విడిగా తీసి కలపండి.

దుబాయ్ అయితే హైదరాబాద్ నుంచి 2,550, అక్కడి నుంచి డల్లాస్ 12,900. మొత్తం 15,450. దోహా అయితే 2,900, 12,750 కలిపి 15,650. లండన్ అయితే 7,750, 7,630 కలిపి 15,380. ఇవి గాల్లో సూటిగా కొలిచిన అంకెలు. విమానం ఆ గీత మీదే పోదు, గాలిని బట్టి, గగనతలం అనుమతుల్ని బట్టి కొంత పక్కకి జరుగుతుంది.

ఈ మూడు మొత్తాలు చూశారుగా. పెద్ద తేడా 270 కిలోమీటర్లు, అంటే విమానానికి ఇరవై నిమిషాల పని. "దుబాయ్ దగ్గర, లండన్ చుట్టు" అని వాదించుకునే ఇళ్లు నేను చూశాను. ఆ వాదన దండగ. ఈ ప్రయాణంలో మీ గంటలు తినేది దూరం కాదు. ఏది తింటుందో కింద చూద్దాం.

ఒక్కమాట. హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరుగా విమానం అసలు ఎప్పుడూ లేదని కాదు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో మొదలుపెట్టింది. దాదాపు 13,300 కిలోమీటర్లు, ఒకే పట్టున. తర్వాత అది ఆగిపోయింది. ఆ రోజుల్లో వెళ్లిన మా బాబాయి ఇప్పటికీ ఆ విమానం గురించి పాత సినిమా హాలు గురించి చెప్పినట్టు చెబుతాడు.

కిలోమీటర్లని గంటలు చేయడం

పెద్ద విమానం పైన గంటకి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కానీ టికెట్ మీద బయల్దేరే టైము అంటే గాల్లోకి లేచే టైము కాదు, గేటు దగ్గర్నుంచి వెనక్కి కదిలే టైము. చేరే టైము అంటే అవతల గేటు దగ్గర ఆగే టైము. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, క్యూలో నిలబడటం, నెమ్మదిగా పైకెక్కడం, దిగేముందు చక్కర్లు కొట్టడం, అన్నీ అందులోనే. అందుకని నేను వాడే మోటు లెక్క ఇది: కిలోమీటర్లని 850తో భాగించి, అరగంట కలపండి.

హైదరాబాద్–దుబాయ్: 2,550ని భాగిస్తే 3 గంటలు, అరగంట కలిపితే మూడున్నర. దుబాయ్–డల్లాస్: 15 గంటల 10 నిమిషాలు, అరగంటతో 15.40. హైదరాబాద్–ఢిల్లీ 1,260కి రెండు గంటలు. టైంటేబుల్లో రెండుంపావు దాకా వేస్తారు, ఢిల్లీ రద్దీకి తోడు ఆలస్యం అనిపించుకోకుండా కాస్త ముందే కలుపుకుంటారు కూడా.

తర్వాత గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి ఏరులా వీచే గాలి ఉంది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దాని ఉద్ధృతి ఎక్కువ. పడమరకి పోతే ఎదురు, తూర్పుకి వస్తే తోడు. అందుకే మా లెక్కలో మూడున్నర వచ్చిన దుబాయ్‌కి వెళ్లేటప్పుడు 3.50, వచ్చేటప్పుడు 3.20 పడుతుంది. డల్లాస్‌కి దుబాయ్ నుంచి పోవడం 16 గంటలు, రావడం పద్నాలుగున్నర, పదిహేను. "వెళ్లేటప్పుడు కంటే తొందరగా వచ్చేశాం, పైలట్ బాగా తోలాడు" అంది మా అమ్మ. గాలి తోలింది.

గడియారం దగ్గరే అందరూ తప్పేది

టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. హైదరాబాద్‌ది హైదరాబాద్‌లో, డల్లాస్‌ది డల్లాస్‌లో. రెండు వేర్వేరు గడియారాల్లో చూసిన అంకెల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది అర్థంలేని అంకె. కాబట్టి అన్నిటినీ ఒకే గడియారంలోకి మార్చండి. ఆ ఒక్కటీ మన ఇంటి గోడ గడియారమే అయితే మంచిది. లోకమంతా గ్రీనిచ్ లెక్క వాడుతుంది, మన టైము దానికి ఐదున్నర గంటలు ముందు, అదీ కాకినాడ దగ్గర్నుంచి పోయే 82న్నర డిగ్రీల రేఖాంశాన్ని బట్టి పెట్టింది. కానీ అమ్మకి గ్రీనిచ్ చెప్తే ఏం లాభం?

కలపాల్సిన అంకెలు ఇవి. దుబాయ్ టైముకి గంటన్నర కలిపితే మన టైము. డల్లాస్ టైముకి ఎండాకాలంలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు కలపాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మనకీ దుబాయ్‌కీ ఆ బాధ లేదు. లండన్ మీదుగా పోతే అక్కడా జరుపుతారు గానీ తేదీలు వేరు: మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. మార్చిలో వెళ్లేవాళ్లు ఈ రెంటి మధ్య ఇరుక్కుంటారు, జాగ్రత్త.

ఇప్పుడు మా అమ్మ టికెట్ తీసుకుందాం. జూన్ నెల.

హైదరాబాద్‌లో కదిలింది 4.20, అది మన టైమే.
దుబాయ్‌లో దిగింది అక్కడి 6.40. గంటన్నర కలిపితే మన 8.10. అంటే మొదటి విమానం 3 గంటల 50 నిమిషాలు.
దుబాయ్‌లో మళ్లీ కదిలింది 9.30. మన 11.00. మధ్యలో కూర్చుంది 2 గంటల 50 నిమిషాలు.
డల్లాస్‌లో ఆగింది 16.30. పదిన్నర కలిపితే 27.00, అంటే మర్నాడు తెల్లవారుజామున మన 3 గంటలు. రెండో విమానం సరిగ్గా 16 గంటలు.

మొత్తం 22 గంటల 40 నిమిషాలు. టికెట్ చూసి అనుకున్నది 12.10. మిగతా పదిన్నర గంటలూ ఎక్కడికీ పోలేదు, రెండు ఊళ్ల గడియారాల తేడాలో దాక్కున్నాయి. ఇదే టికెట్ డిసెంబరులో అయితే డల్లాస్‌లో 15.30 అని ఉంటుంది. గంట తగ్గిందని మురిసిపోకండి, పదకొండున్నర కలిపితే మళ్లీ అదే 3 గంటలు.

ఈ లెక్క బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకి మరీ ముఖ్యం. "రాత్రి మాత్ర" అన్నది ఏ రాత్రి? విమానంలో కిటికీలు మూసిన చీకటా, డల్లాస్ రాత్రా? ఇంటి గడియారంలో రాసిన కాగితం డాక్టరుకి చూపించి, ఏ మాత్ర ఎన్ని గంటలకో ముందే రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లయితే చూపించకుండా అసలు బయల్దేరవద్దు.

తేదీ, ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక

మన దగ్గర్నుంచి గల్ఫ్ మీదుగా పోయే విమానాలు చాలావరకు రాత్రి పూటో తెల్లవారుజామునో ఉంటాయి. 14వ తేదీ 00.40 అని ఉంటే, మీరు ఇంట్లోంచి బయల్దేరాల్సింది 13వ తేదీ. చదువుతుంటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. మా ఇంట్లోనే జరిగింది. మా పెద్దనాన్న, పెద్దమ్మలకి 14న 00.40 టికెట్. అందరం 14 రాత్రి అనే అనుకున్నాం. 14 సాయంత్రం ఆవకాయ జాడీకి ప్యాకింగ్ టేపు మూడో చుట్టు చుడుతుంటే, ఆన్‌లైన్ చెక్-ఇన్ చేద్దామని మా అన్నయ్య ఫోన్ తీశాడు. విమానం అప్పటికే వెళ్లిపోయి పద్దెనిమిది గంటలైంది. ఎవర్నీ అనడానికి లేదు, టికెట్ మీద తేదీ సరిగ్గానే ఉంది. ఒక టికెట్ డబ్బు పోయింది, పెద్దనాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అందుకని కాగితం మీద "14న 00.40" అని రాయకండి. "13 బుధవారం రాత్రి భోంచేశాక" అని రాయండి. చేరే టైము పక్కన చిన్నగా +1 అని ఉంటే మర్నాడని అర్థం, +2 ఉంటే ఎల్లుండి. తిరుగు ప్రయాణంలో అది తప్పకుండా కనిపిస్తుంది.

మధ్యలో ఆగే సమయం

దూరం ఎటు పోయినా ఒకటే అన్నాను కదా. గంటలు పెరిగేదీ తగ్గేదీ ఇక్కడే. రెండు గంటల ఆగుడున్న టికెట్‌కీ, పదకొండు గంటల ఆగుడున్న టికెట్‌కీ గాల్లో ఉండే సమయం ఇంచుమించు ఒక్కటే. చవక టికెట్ దొరికిందంటే ముందు ఈ ఆగుడు ఎంతో చూడండి.

మరీ తక్కువా మంచిది కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, వీల్‌చెయిర్ అడిగినవాళ్లకి రెండున్నర నుంచి నాలుగు గంటలు నా ఉద్దేశంలో సరైనది. వీల్‌చెయిర్ మనిషి వచ్చేదాకా కూర్చోబెడతారు, ఆ టైము కూడా ఇందులోదే. రెండు విమానాలూ ఒకే బుకింగ్ మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఆ నష్టం మీ నెత్తినే.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారి డల్లాస్ పోయే టికెట్ అయితే, అమెరికాలో అడుగుపెట్టిన మొదటి ఊళ్లోనే ఇమిగ్రేషన్. పెట్టెలు బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇవ్వాలి. దానికి మూడు గంటలైనా ఉంచుకోండి. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, అక్కడ టైము ఎక్కువ కావాలి, దిగాక తక్కువ చాలు. లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా నియమాలు టికెట్ కొనే ముందే చూసుకోవాలి.

ఇంటి నుంచి ఇంటి దాకా

22.40కి రెండు కొసలూ అతికించండి. విమానం 4.20కి అయితే శంషాబాద్‌లో రాత్రి 12.50కల్లా ఉండాలి, మూడున్నర గంటలు ముందు. కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. విజయవాడ నుంచి కారైతే, సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగడం, ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకోవడం అన్నీ కలిపి ఆరున్నర, ఏడు గంటలు వేసుకోండి. మా అమ్మ సాయంత్రం 6కి బయల్దేరింది. డల్లాస్‌లో విమానం ఆగాక ఇమిగ్రేషన్, పెట్టెలు కలిపి రెండు గంటలు. ఫ్రిస్కో దాకా కారులో ఇంకో ముప్పావుగంట. ఇంటి గడియారంలో 5.45. ముందు రోజు కాదు, అటు ముందు రోజు సాయంత్రం 6 నుంచి. 35 గంటల 45 నిమిషాలు.

అందులో విమానం కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా పట్టింది 19 గంటల 50 నిమిషాలే. మిగతా పదహారు గంటలూ నేల మీదే గడిచాయి.

దగ్గరి ఊళ్లకి ఈ నిష్పత్తి ఇంకా అన్యాయంగా ఉంటుంది. హైదరాబాద్–విజయవాడ గాల్లో 264 కిలోమీటర్లు. మా లెక్కలో 50 నిమిషాలు. మియాపూర్‌లో ఉండేవాళ్లు శంషాబాద్ చేరి, గంటన్నర ముందు కూర్చుని, గన్నవరంలో దిగి, అక్కడి నుంచి ఓ 20 కిలోమీటర్లు ఊళ్లోకి వచ్చేసరికి ఐదు గంటలవుతుంది. కారూ అంతే. విశాఖకి విమానం లాభం, విజయవాడకి నేనైతే ఎక్కను.

తిరుగు ప్రయాణం, ముందు రోజు చూడాల్సినవి

వచ్చేటప్పుడు తేదీలు అటు తిరుగుతాయి. ఎండాకాలంలో డల్లాస్‌లో సోమవారం ఉదయం 11.50కి ఎక్కితే మన దగ్గర సోమవారం రాత్రి 10.20. పద్నాలుగున్నర గంటల తర్వాత దుబాయ్‌లో దిగేసరికి మన మంగళవారం మధ్యాహ్నం 12.50. అక్కడ సాయంత్రం దాకా ఆగి రాత్రి విమానం పట్టుకుంటే శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున. టికెట్ చూసి రెండు రోజులు పోయాయని కంగారుపడతారు. పోయింది ఒక రోజు పైచిలుకే.

మీరు కట్టిన లెక్క రాళ్ల మీద చెక్కింది కాదు. గగనతలాలు మూసేస్తుంటారు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన దేశపు విమాన సంస్థలకి దారి మూసేసింది, ఢిల్లీ నుంచి పడమరకి పోయే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు ఆకాశం మూసేస్తే దోహా మీదుగా పోయేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. 2022 నుంచి రష్యా మీదుగా అమెరికా సంస్థలు, చాలా యూరప్ సంస్థలు ఎగరడం లేదు. అందుకని ముందు రోజు మధ్యాహ్నం ఒకసారి, ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒకసారి విమానం నెంబరు కొట్టి చూడండి. ఆర్నెల్ల తర్వాత తిరుగు టికెట్ ఉన్నవాళ్లయితే, మధ్యలో అమెరికా గడియారం మారి ఉంటుంది, ఆ ముక్క మళ్లీ కొత్తగా లెక్కపెట్టండి.

కాగితం మాత్రం చేత్తో, పెద్ద అక్షరాలతో రాయండి, ఫోన్ చార్జింగ్ అయిపోయినా పనికొస్తుంది. మా అమ్మ పర్సులో పెట్టినదాని మీద నాలుగే వరుసలున్నాయి: విమానం నెంబరు, ఆ ఊరి టైము, మన టైము, ఎదురుగా ఏ మాత్ర. చేతి గడియారం మాత్రం డల్లాస్‌లో దిగేదాకా ముట్టుకోవద్దన్నాను. ఆర్నెల్లు ఉండి వచ్చింది. అప్పుడు కూడా అది విజయవాడ టైమే చూపిస్తోంది.